సీడీ మీది కుంకుమ

శుక్రవారం, రాత్రి

నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్‌లో పాడైన హార్డ్ డిస్క్ తీసి కొత్తది బిగించింది నేనే. సీడీ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే మూడుసార్లూ ఒకేచోట ఆగింది. ఫైలు కాపీ కావడం లేదట.

"కొత్త డిస్కు సుత ఖరాబ్ చేసినవ్. ఐదింటిదాక చూస్త. కాకుంటే బయటోళ్లను పిలుస్త, నువ్వు రేపటి సంది టైపింగే చేస్కో," అన్నారు ఓనరు సార్.

ప్రతిసారీ ఒకే ఫైలు దగ్గర ఆగుతోందంటే తప్పు డిస్కుది కాదు, సీడీది అనిపించింది. సీడీ తీసి తిప్పి చూశాను. మెరిసే వైపున, దసరా పూజలో సార్ పెట్టిన కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంది! చున్నీ కొస తడిపి తుడిచేశాను.

"ఏందీ, పూజ బొట్టు తుడుస్తవా?"

"తుడిచిన సార్. అది ఉంటే మిషన్ చదవది."

నాలుగున్నరకల్లా ఇన్‌స్టాల్ అయింది. సార్ మెచ్చుకోలేదు సరికదా, అపచారం అన్నారు. ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. నిజంగానే తప్పు చేశానా...

మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే మా అమ్మకు ఒక్క అక్షరం రాదు. జరిగింది చెబితే విని నవ్వింది. "దసరాకు నేను సుత తరాజుకు బొట్టు పెడ్త బిడ్డా. మీది దండెకు పెడ్త. పళ్లెంల పెడ్తే తూకం తప్పుతది."

రేపు సార్ మళ్లీ అపచారమంటే ఈ మాటే చెబుతాను. టైపింగ్ కుర్చీలో మాత్రం కూర్చోను.