నూట పన్నెండు ఫారాలు

23 ఫిబ్రవరి 2025, ఆదివారం

పూజ అయ్యాక ఫాదర్ నన్ను ఆఫీసులోకి పిలిచి ఒక కట్ట చేతిలో పెట్టారు. మా విచారణలో, అంటే ఈ గుడి కిందికి వచ్చే ఊళ్ళో, నూట పన్నెండు ఇళ్ళు, ఇంటికొక ఫారం. గుడి రిపేరుకు సహకరిస్తారా? పూర్తిగా, కొంతవరకు, ఇప్పుడు వద్దు. మూడు గళ్ళు. ఒకదాంట్లో టిక్కు, కింద సంతకం. డబ్బు మాట ఎత్తొద్దు ఉపదేశీ, ముందు వాళ్ళ మనసు తెలుసుకురా అన్నారు.

జనవరిలో పీఠం మీద స్లాబు పెచ్చు ఊడి పడింది. ఇంజనీరు డేంజర్ అని రాసిచ్చి పోయాడు. మూడింట రెండు వంతుల ఇళ్ళు 'పూర్తిగా' అంటే బిషప్ హౌస్ పర్మిషన్ ఇస్తుంది. లేకపోతే గుడికి తాళం. ఆదివారం పూజకు అందరూ టౌన్లో పెద్ద గుడికి పోవాల్సిందే. అక్కడ ఉపదేశులు ముగ్గురున్నారు. నాతో పనేముంది?

ఇరవై రెండేళ్ళుగా ఈ గుడిలో ఉపదేశిగా వాక్యం చెప్తున్నాను. ఏ కాలేజీలోనూ చదవలేదు. దేవుడే మాస్టారు.

డెబ్బై అయిదు ఇళ్ళు కావాలి. నాకు వారం చాలు.

26 ఫిబ్రవరి, బుధవారం

పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. ప్రతి గడపలోనూ హగ్గయి ప్రవక్తలా నిలబడి అడిగాను: నీ ఇంటికి టైల్స్, దేవుడి ఇంటికి పెచ్చులా? అందరూ తలలు ఊపారు. మజ్జిగిచ్చారు. ఇస్తాం లేప్పా, ఫారం పెట్టిపో అన్నారు.

ఉచ్చెంగమ్మ ఒక్కతే నోరు మూసుకోలేదు. డెబ్బై దాటినా నాలుక పదునే. నువ్వు అరిసినదానికే పెచ్చులు ఊడినాయేమోప్పా, రిపేరు నీ గొంతుకు సేపిస్తే సాలదా అంది. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఫారం మాత్రం ఆమె ముట్టుకోలేదు. కోడలు తీసుకుంది.

1 మార్చి, శనివారం

అరవై ఇళ్ళు అయ్యాయి. ఒక్క ఫారమూ తిరిగి రాలేదు.

5 మార్చి, విభూది బుధవారం

నుదుటి మీద విభూది పెట్టించుకుని ఆటో హంపేశ్ బయటికి వస్తుంటే పట్టుకున్నాను. ఫారం ఏమైందిరా అన్నాను. సీటు కింద ఉండాదిప్పా అన్నాడు. టిక్కు పెట్టడానికి ముహూర్తం కావాలా అంటే, వాడు బండి హ్యాండిల్ తుడుస్తూ, కృపమణక్క ఏ గడిలో పెడ్తే మేమూ ఆ గడిలోనే అన్నాడు. ఎవరు తీర్మానం చేశారు అని గద్దించాను. ఎవురూ సెయ్యలేదు, ఎవురూ సెప్పలేదు, అందరికీ తెల్సు, నీకు తప్ప అన్నాడు. స్టార్ట్ చేసి కౌల్ బజార్ వైపు పోయాడు.

కృపమణి ఇంటి ఫారం కట్టలోనే ఉంది. ఆ ఇంటి ముందు రెండుసార్లు నడిచాను. రెండుసార్లూ రోడ్డుకు అవతలి పక్క నుంచి.

అదే రోజు, సాయంత్రం 6

రాసేస్తాను. ఎవరూ చదవరు.

2023 ఆగస్టులో కృపమణి కొడుకు టోనీ తన ప్రాణం తానే తీసుకున్నాడు. జీన్స్ యూనిట్లో కుట్టు పని. ఇరవై ఆరేళ్ళు. అప్పటి ఫాదర్ రిట్రీట్‌కు పోయి ఉన్నారు, ఫోన్ ఆఫ్. శవాన్ని గుడి మెట్ల దాకా తెచ్చారు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆత్మహత్య చేసుకున్నవాడికి గుడి లేదు, సమాధుల తోటలో చోటు లేదు అని అందరి ముందూ చెప్పాను. క్రీస్తును అమ్మి ఉరేసుకున్న యూదా పేరు కూడా ఎత్తాను.

కృపమణి నా కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే మెత్తబడేవాణ్ణేమో. తెలియదు. నిలబడి నా మొహంలోకి చూసింది, అంతే.

తోట గోడకు అవతల జాలి కంపలో పూడ్చారు. అదీ చర్చి స్థలమే, కానీ గోడకు అవతల. ఫాదర్ తిరిగి వచ్చేసరికి మట్టి ఆరిపోయింది. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. తర్వాతి మే నెలలో ట్రాన్స్‌ఫర్ అయి పోయారు.

ఆ రోజు నేను చేసింది దేవుడి పని అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

9 మార్చి, ఆదివారం

తపస్సు కాలం మొదటి ఆదివారం. మెడ వంచని జనం అని ఎడారిలో దేవుడు తిట్టిన తిట్టంతా తెచ్చి వీళ్ళ మీద పోశాను. నలభై నిమిషాలు. చొక్కా తడిసిపోయింది. ఒక్కరూ తల ఎత్తలేదు. ఒకప్పుడు ఇలా చెప్తే ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు.

ఇంటికొచ్చాక ప్రమీల అన్నం పెడుతూ, నీ మాటకు వాళ్ళు భయపడేది పోయినట్టుండాది, ఇంగేం మిగిలిందో సూస్కో అంది. ఇరవై రెండేళ్ళ కింద ఈమెను చేసుకునే నేను ప్రొటెస్టెంట్ల మిషన్ చర్చి వదిలి ఇక్కడికి వచ్చాను. మావాళ్ళు ఇంకా ఆ మాట అంటారు.

12 మార్చి, బుధవారం

ఫారాలు ఎందుకు రావడం లేదని ఫాదర్ అడిగారు. టోనీ సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన ఇక్కడికి వచ్చి తొమ్మిది నెలలే. ఎవరూ ఆయనతో అనలేదట.

ఈ రూల్ ఎక్కడ చదివావు అన్నారు. ఇంటికి పోయి పుస్తకం తెచ్చి చూపించాను. నేను ఈ విచారణకు వచ్చిన కొత్తలో కౌల్ బజార్లో పాత సామాన్లమ్మే గుజరీ అంగట్లో దొరికింది, అట్ట లేని పాత జ్ఞానోపదేశం. క్యాథలిక్ పద్ధతులన్నీ దాంట్లోనే నేర్చుకున్నాను. ఎవరినైనా అడిగితే మిషన్ వాడికి ఏమీ తెలియదని నవ్వుతారని అడగలేదు. పెళ్ళి, చావు, ఉపవాసం, అన్నీ దాన్నే చూసి చెప్పాను.

ఫాదర్ మొదటి పేజీలు తిప్పారు. అచ్చు వేసిన సంవత్సరం దగ్గర వేలు ఆపారు. 1938.

ఈ రూల్ తీసేసి నలభై ఏళ్ళు దాటింది ఉపదేశీ అన్నారు. అలాంటి వాళ్ళను గుడిలోకే తెస్తాం, పూజ పెడతాం, అందరితో పాటే పూడుస్తాం, వాళ్ళ మనసు ఎంత నలిగిందో దేవుడికే తెలుసు అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. టీ తాగుతావా అని అడిగారు.

13 మార్చి

ఇవాళ వాక్యం తెరవలేదు.

18 మార్చి, మంగళవారం

కృపమణి ఇంటికి వెళ్ళాను. రోడ్డుకు ఈ పక్క నుంచే.

గడపలో జీన్స్ గుట్ట వేసుకుని దారాలు కత్తిరిస్తోంది. కూర్చోమనలేదు. దావీదు కీర్తన ఒకటి ఎత్తుకున్నాను. వాక్యం వద్దప్పా, నువ్వు మాట్లాడు అంది. వాక్యం లేకుండా ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

చివరికి చెప్పాను. నేను చెప్పిన రూలు లేదమ్మా, అది పాత పుస్తకం అన్నాను.

కత్తెర ఆగింది. ఎప్పట్నుంచి లేదు అంది.

నలభై ఏళ్ళయిందట అన్నాను.

ఆమె లెక్క వేసుకున్నట్టు గోడ వైపు చూసింది. అయితే నా కొడుకు పుట్టకముందే తీసేసినారు అంది. మళ్ళీ ఇంకోసారి, మెల్లగా, పుట్టకముందే అంది.

ఫారం ఇక్కడ పెట్టనా అన్నాను. ఆ నోరు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆమె తీసుకుంది. ఆ పొద్దు నాకు ఒక్కదానికే సెప్పినావా, ఊరందరికీ సెప్పితివి గదా, ఇప్పుడు మాత్రం నా గడపలో గుసగుస ఏందప్పా అంది. ఇంకో ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది.

23 మార్చి, ఆదివారం

పూజ చివర ఫాదర్‌ను అడిగి మైకు దగ్గరికి వెళ్ళాను. నాతాను ప్రవక్త ఎత్తి చూపితే దావీదు రాజు తప్పు ఒప్పుకున్న కథ, అంతా నాలుగు పేజీలు రాసుకుని పోయాను. అక్కడ నిలబడ్డాక ఆ కాగితాలు జేబులోంచి తీయలేదు. దావీదును అడ్డం పెట్టుకుంటే మళ్ళీ దాక్కున్నట్టే.

టోనీని గుడిలోకి రానివ్వకపోవడం నా తప్పు, అలాంటి రూల్ లేదు, నాకు తెలియదు, తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు అన్నాను. ఒక్క నిమిషం పట్టలేదు.

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక ఒక పసిబిడ్డ దగ్గింది. మెట్ల మీద ఉచ్చెంగమ్మ నన్ను ఆపి, ఈ పొద్దు గొంతు లేవలేదే అంది. ఎగతాళి కాదు. ఒంట్లో బాగుందా అని అడిగినట్టు.

కృపమణి లేదు. టోనీని తిప్పి పంపిన రోజు నుంచి ఆమె గుడి మెట్టు ఎక్కలేదు.

28 మార్చి, శుక్రవారం

ఫారాలు వస్తున్నాయి! ఆఫీసు డబ్బా నిండుతోంది. సిలువ మార్గం అయ్యాక హంపేశ్ కూడా మడత పెట్టి వేశాడు. ప్రమీలతో చెప్పాను. ఆమె సంతోషించలేదు.

30 మార్చి, ఆదివారం

ఫాదర్, నేను కలిసి డబ్బా విప్పాం. పూర్తిగా, పంతొమ్మిది. కొంతవరకు, ఎనిమిది. ఇప్పుడు వద్దు, ఎనభై అయిదు.

కృపమణి ఫారంలో టిక్కు మూడో గడిలో. సంతకం గుండ్రంగా, స్కూలు పిల్ల రాసినట్టు ఉంది.

ఫాదర్ కట్టకు రబ్బరు బ్యాండ్ వేశారు. కనీసం వీళ్ళు నిజం చెప్పారు ఉపదేశీ అన్నారు.

నిజమే. నాకు మాత్రం ఇప్పుడు ఇంకొకటి తెలిసింది. మైకు దగ్గర నిలబడి తప్పు ఒప్పుకుంటున్నప్పుడే లోపల ఎక్కడో నేను డెబ్బై అయిదు ఇళ్ళు లెక్క పెట్టుకుంటున్నాను. వాళ్ళకు అది వినిపించినట్టుంది.

6 ఏప్రిల్, ఆదివారం

చివరి పూజ. దివ్య సత్ప్రసాదం పెట్టె ఫాదర్ కారులో టౌన్‌కు పోయింది. మాత స్వరూపానికి దుప్పటి చుట్టి నేనూ హంపేశ్ ఆటోలో ఎక్కించాం. వాడు, జాగ్రత్తప్పా, ముక్కు తగల్తుంది అన్నాడు. మార్చి అయిదు తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట.

తాళం నేనే వేశాను.

9 ఏప్రిల్, బుధవారం

హులిగప్ప మేస్త్రి ఇంటికొచ్చి ఫాదర్ నంబర్ అడిగాడు. ఏం పని అంటే, పని ఉండాదప్పా అన్నాడు. అతని ఫారమూ మూడో గడే. టేపు జేబులో కనిపించింది. అడగలేదు.

12 ఏప్రిల్, శనివారం

పొద్దున ఆరింటికి సమాధుల తోట వైపు గడ్డపారల చప్పుడు. పోయి చూశాను. ఉత్తరం గోడ సగం పడగొట్టారు. అవతల కంప నరికేశారు. మేస్త్రి ఎనిమిది అడుగులు అవతల దారం కట్టి కొత్త పునాది తవ్విస్తున్నాడు. ముప్పై మందికి పైగా ఉన్నారు.

ఎవరూ పిలవలేదు. పొమ్మనలేదు. పాత రాళ్ళు ఈ పక్క నుంచి ఆ పక్కకు మోశాను.

మధ్యాహ్నానికి గోడ మోకాలెత్తు లేచింది. టోనీ లోపలే ఉన్నాడు.

కృపమణి చెంబుతో అంబలి పోసుకుంటూ వరసగా వచ్చింది. నా కోసమని ఆగలేదు, నన్ను దాటిపోలేదు. నా దోసిట్లోనూ పోసింది. మొహం చూడలేదు.