మీరు సగంలో ఆపిన భూమి

స్వప్న వాళ్ల నాన్నకు,

మీరు వెళ్లి నేటికి ఏడు నెలల పదకొండు రోజులు. మేం కామారెడ్డిలోనే, అదే ఇంట్లో ఉన్నాం.

ఇన్నాళ్లూ మీ ఫోటో ముందు నిలబడి కూడా చెప్పలేని సంగతి ఒకటుంది. స్వప్న సోషల్ పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. భూమి లోపలి పొరల పాఠం మీరే మొదలుపెట్టి సగం చెప్పారు కదా... ఆ పేజీ దాటనంటోంది. ట్యూషన్ వద్దంది. సంవత్సర పరీక్షలోనూ ఇలాగే చేస్తే తొమ్మిదో తరగతి మళ్లీ చదవాల్సిందేనని టీచర్ పిలిచి చెప్పారు.

ఎవరితో చెప్పించను? చివరికి నేనే పుస్తకం పట్టాను.

మీరు ఎల్లారెడ్డి బడిలో పాఠాలు చెప్పి వచ్చి, ఇంట్లో దానికి ఈ పాఠం చెబుతుంటే, లోపలికి ఎవరు పోయి చూసొచ్చారని వెక్కిరించేదాన్ని. "నువ్వు డ్రమ్ము మూత తియ్యకుండ తట్టి బియ్యం ఎంతున్నయో చెప్తలేవా? గిది గూడ గంతేనే విమలా" అనేవారు. భూమిని తట్టే ఆ దెబ్బ భూకంపమేనని ఇప్పుడు తెలిసింది.

నాలుగుసార్లు చదివి, కాగితం మీద రాసుకుని, ఆదివారం మధ్యాహ్నం స్వప్నను కూర్చోబెట్టాను. స్టీలు గ్లాసులు వరసగా ఆనించి, మొదటిదాన్ని నెట్టాను. భూకంపం వచ్చినప్పుడు భూమిలో అలా తోసుకుంటూ పోయేది పి తరంగం. దండెం తాడు ఊపాను. అడ్డంగా ఊగుతూ పోయేది ఎస్ తరంగం. అంతవరకు బాగానే వచ్చింది. ఆ తర్వాత, లోపల కరిగిన ఇనుముంది కాబట్టి రెండూ అక్కడే ఆగిపోతాయి అన్నాను.

స్వప్న తలెత్తింది.

"ఏందమ్మా గిది! రెండూ ఆగిపోతే లోపల కరిగున్నదని ఎట్ల తెలుస్తది? పి దాటుతది, కరిగినదాంట్ల పోలేనిది ఎస్ ఒక్కటే. గా తేడాతోనే తెలిసింది. నాన్న ఉంటే నిన్ను బెంచీ ఎక్కిస్తుండె!"

నవ్విందండీ... ఎన్నాళ్లకు!

నా చేతిలో పెన్ను లాక్కుని పెద్ద గుండ్రం గీసింది. అవతలి వైపు ఎస్ తరంగాలు చేరని చోటంతా గీతలు కొట్టింది. ఆ కరిగిన ఇనుము నడుమ మళ్లీ గట్టి ముద్ద ఉందట... అదీ తనే చదివి చెప్పింది. చెప్పి, పేజీ తిప్పింది.

కావాలని తప్పు చెప్పాననుకునేరు. లేదు, నిజంగానే తికమకపడ్డాను. మీరు చూసి ఉంటే ఎంత నవ్వేవారో!

రేపు అగ్నిపర్వతాల పాఠం. నాకు తనే చెబుతుందట. పరీక్ష రోజు దాకా, బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుంటానని మాటిచ్చాను. మీకూ అదే మాట ఇస్తున్నాను.

మీ
విమల