తొమ్మిది పుల్లలు

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం, వేళకు లేస్తున్నాం. ఆ మేరకు క్షేమం. ఓడలో మీరూ మీ తోటివాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి వరసగా జవాబులు. అమ్మాయి చెవి ముందర కోత మానింది, జుట్టు పడితే కనబడదు. తిండి అంతా పలచగా, మెత్తగా చేసి పెడుతున్నాను. మన గిలక్కాయ పళ్ళు బిగించుకునే రోజంతా మాట్లాడుతోంది. మొన్న పక్కింటావిడ, "నోరు తెరుచుకోకుండానే ఇంత వాగుతోంది, తెరుచుకుంటే మేం ఇల్లు ఖాళీ చేసి పోవాల్సిందే" అంది. అమ్మాయి కూడా నవ్వింది.

మూడోది, ఎన్ని పుల్లలు పడుతున్నాయని అడిగారు. దానికి జవాబు రాయడానికే రెండు రోజులుగా కలం పట్టుకుని కూర్చుంటున్నాను.

అది మెట్ల మీద పడ్డప్పుడు మనం గడ్డం కింద కుట్లే చూశాం, విరిగిన దవడ కీలు చూడలేదు. ఆ కీలు అతుక్కుపోయి నోరు మూసుకుపోయింది. ఆపరేషనయ్యాక డాక్టరమ్మ చెక్కపుల్లల కట్ట ఇచ్చి, రోజుకు ఆరుసార్లు పళ్ళ మధ్య దొంతరగా పెట్టమంది, వారానికొకటి పెంచమంది, ఎన్ని పట్టాయో గళ్ళ పుస్తకంలో రాయమంది. పద్నాలుగుతో ఇంటికొచ్చాం. ఇరవై పడితే గట్టెక్కినట్టు. మానేస్తే మళ్ళీ బిగుసుకుంటుందని మీ ఎదుటే హెచ్చరించింది.

మీరు ఓడెక్కిన వారానికి, పదిహేనో పుల్ల దగ్గర అది నా మణికట్టు రెండు చేతులా పట్టుకుని, "అమ్మా, ఈ ఒక్క పూటకీ వద్దమ్మా, నీకు దండం పెడతా" అంది. మానేశాను. పుస్తకంలో గడి ఖాళీగా ఉంటే నాకు తోచదు కదా, పదిహేను అని రాశాను. ఆ ఒక్క పూట రోజూ అయింది. ఆరుసార్లు కాస్తా ఒకసారికి వచ్చింది, అదీ దానికి నొప్పి లేనంతవరకే. ఒకసారి రాసిన అంకెను తగ్గించి రాయడానికి చెయ్యి రాలేదు. వారం వారం పెంచుకుంటూ పోయాను. మీకు రాసిన పదహారు, పదిహేడు అవే.

సోమవారం చూపించడానికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, "ఇంత శ్రద్ధగా రాసే తల్లిని నేను చూళ్ళేదమ్మా" అంది. తర్వాత తనే పుల్లలు పెట్టింది. తొమ్మిది పట్టాయి. పదోది పట్టలేదు.

"రోజూ ఆరుసార్లూ చేయించారా?"

నేను నోరు విప్పేలోగా అమ్మాయి అందుకుంది. "చేయించింది డాక్టరమ్మా. నేను ఏడ్చినా మానలేదు."

"ఇంత చేయించినా మూసుకుపోతోందంటే ఎముక మళ్ళీ పెరుగుతోందేమో. గురువారం చేర్చండి. మళ్ళీ తెరవాలి" అంది డాక్టరమ్మ.

నేను తల ఊపాను. ఎనిమిదేళ్ళ పిల్ల నాకోసం అబద్ధమాడితే, దాన్ని మళ్ళీ కత్తి కిందికి పంపే కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చాను. బస్సులో అది నా చెవి దగ్గరకొచ్చి, "నిన్ను తిట్టలేదుగా?" అంది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాం.

అంతా చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు, దాంతో ఇంకా భయమేసింది. "ఇది కండరాల బిగువే అయితే సాగుతుంది. ఒక్క వారం చూస్తాను. ఆరుసార్లూ చేయించాలి, ఏడ్చినా సరే. పన్నెండు పడకపోతే ఆపరేషన్ తప్పదు" అంది.

ఇవాళ నాలుగో రోజు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నా గుండెకు ఆనించి పట్టుకుని పుల్లలు తోస్తున్నాను. నా చేతులు వణుకుతుంటే అదే, "నువ్వు ఊపకమ్మా, ఇంకా నొప్పెడుతోంది" అంటోంది. నిన్న మాత్రం, "నాన్న రానీ, నీ పని చెప్తా" అంది. చెప్పనివ్వండి. మీరూ దాని వైపే ఉండండి. నేను ఏమీ అనుకోను.

ఇంకా మూడు రోజులున్నాయి. ఈ మధ్యాహ్నం పదోది పట్టింది. పదకొండోది సగందాకా వెళ్ళి ఆగింది. పది అని రాశాను.

ఇట్లు,
ఇకపై ఉన్నదున్నట్టే రాసే
మీ ఇంటావిడ