కెంజీకి చెప్పేశాను

మంగళవారం రాత్రి, క్వేకర్స్ హిల్

సాయంత్రం బేస్‌బాల్ క్లబ్ మేనేజర్ ఫోన్ చేశాడు. మా ఇంట్లో ఉంటూ ఆ క్లబ్‌కి బంతులు విసిరే జపాన్ పిచర్ కెంజీని వచ్చే సీజన్‌కి తీసుకోవడం లేదట. శుక్రవారం తామే చెబుతారట. అప్పటిదాకా నోరు విప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు.

భోజనాల దగ్గర కెంజీ నవ్వుతూ, "ఆంటీ, మెల్‌బోర్న్ టీమ్ రమ్మంటోంది. పొద్దున్నే నో చెప్పేస్తా. నా టీమ్ ఇదే కదా!" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. మా ఆయన తెలుగులో, "మాటిచ్చావు, కల్పించుకోకు" అన్నారు.

ఉండబట్టలేకపోయాను. "నో చెప్పకు నాన్నా" అన్నాను.

కెంజీ నావంక అలాగే చూశాడు. "క్లబ్ వాళ్లు ఫోన్ చేశారా?"

తలూపాను. తింటున్న అన్నం వదిలేసి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి, ఫోన్‌లో మెల్‌బోర్న్ వాళ్లకి వస్తానని చెప్పడం వినిపించింది.

మేనేజర్‌కి ఏం చెప్పుకోవాలో... కెంజీ కంచం ఇంకా తీయబుద్ధి కావడం లేదు.