అందరు దాటినంక

సుజాత నాయినా,

నువ్వు పోయిన ఇన్నేండ్లకు, నిన్న మంజీర మీద బ్రిడ్జి తెరిచిండ్రు. నువ్వు పడవ నడిపిన రేవు కాడనే కట్టిండ్రు. ఎమ్మెల్యే అయినంక అసెంబ్లీల లేచినప్పుడల్లా నువ్వు దీన్నే అడిగినవు. "పడవోడు బ్రిడ్జి ఎందుకు తెస్తడు? వాని పడవ మూలకు పడదా?" అని నవ్వినోళ్లే నిన్న ముందుగాల నిలబడి ఫోటోలు దిగిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. నువ్వుంటే "పోనియ్యే, ఎట్లయితేంది, వచ్చింది గదా" అందువు.

పడవ ఒడ్డుకు తగిలితే అందర్ని దింపి, ఆఖరుకు నువ్వు దిగేటోనివి. ఎమ్మెల్యే అయినా గా అలవాటు పోలే. బాన్సువాడల మీటింగయితే, ఆఖరు ముసలవ్వ బయటికి పోయేదాక కుర్చీల నుంచి లేచేటోనివి కాదు. "సార్, జీపెక్కుండ్రి" అని గన్‌మన్ బతిమిలాడేటోడు. పెండ్లిళ్లకు పోతే నేను ముందు నడిచేదాన్ని, నువ్వు అందరి ఎనక వచ్చేటోనివి. "ఎమ్మెల్యేలు గిట్ల వస్తరా?" అని ఇంటికొచ్చి నీతోని కొట్లాడేదాన్ని.

నిన్న రిబ్బన్ కత్తిరించంగనే జనం ఉరికిండ్రు. మన సుజాత నా చెయ్యి పట్టుకొని "అమ్మా, పోదాం పా" అన్నది.

"ఆగు బిడ్డా, అందర్ని దాటనియ్యి" అన్న.

ట్రాక్టర్లు పోయినయ్, బర్లు పోయినయ్, పిల్లలు సైకిళ్ల మీద పోయిండ్రు. ఆఖరుకు మేమిద్దరం నడిచినం. నడిమిట్లకు పోయినంక తిరిగి చూసిన. మా ఎనక ఇగ ఎవ్వరు లేరు.

అయినా జరసేపు ఆగిన.