ఇరవై సెంటీమీటర్లు

మార్చి 3

ఈ రోజు మూడు అట్టపెట్టెలు దిగాయి. మందు కొట్టే బండికి దానంతట అదే తిరిగే స్టీరింగు అట. బిగించాల్సింది నేను. షెడ్డులో మెకానిక్కుని కదా మరి.

ఆ బండి మామయ్యది. అంటే ఓనరుదే, కానీ పద్నాలుగేళ్లుగా ఆ సీటు మామయ్యది. రెండు పక్కలా కలిపి ఇరవై నాలుగు మీటర్ల రెక్కలు చాపుకుని పొలంలో నడుస్తుంది. వరసకీ వరసకీ మధ్య జానెడు సందు వదిలితే కలుపు మిగులుతుంది. జానెడు మేర రెండుసార్లు పడితే పైరు మాడుతుంది. మామయ్య అంతా కంటితోనే కొలుస్తాడు. నాకు ఇక్కడ పని ఇప్పించింది కూడా ఆయనే.

కార్మికుల హక్కుల మీద నా దగ్గరున్న పసుపు అట్ట పుస్తకం, పదకొండో పేజీ: యంత్రం మనిషి వీపు మీది బరువును దించాలి, సీటు మీది మనిషిని కాదు. దాని కింద నేను ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీశాను. ఓనరు దగ్గరికి వెళ్లి ఆ మాటే అనేశాను. గొంతు కొంచెం ఎక్కువే లేచింది. ఆయన టీ గ్లాసు దించకుండానే, ఉపన్యాసం అయిపోతే పెట్టెలు విప్పమన్నాడు. నాకు కుదరకపోతే అమ్మినవాళ్ల మనిషే వచ్చి బిగిస్తాడట.

విప్పాను.

మార్చి 5

పాత స్టీరింగు ఊడదీశాను. మామయ్య దానికి చుట్టిన గుడ్డ, రెండు చేతులు పట్టే చోట నల్లగా, నున్నగా అయిపోయి ఉంది. దాని స్థానంలో మోటారున్న కొత్త స్టీరింగు. ముందు ఇరుసు దగ్గర చక్రం ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు. క్యాబిన్ కప్పు మీద సరిగ్గా మధ్యలో, ఉపగ్రహాల సిగ్నల్ అందుకునే యాంటెన్నా, తెల్లటి సాసరు బోర్లించినట్టు. లోపల ఒక తెర. వైర్లన్నీ ముచ్చటగా కట్టాను.

నిజం రాయాలి కదా. ఈ రెండు రోజులూ నాకు ఒక్క పేజీ కూడా గుర్తు రాలేదు. పని అంత బాగుంది.

మార్చి 6, ఉదయం పదకొండు

యంత్రానికి ముందు ఒకసారి మనిషి నడిపి చూపించాలి. ఆ గీతను దాచుకుని, పక్కన అచ్చం అలాంటివే పేర్చుకుంటూ పోతుంది. అన్ని పొలాల్లోనూ మామయ్యే నడిపాడు. నేను పక్కన కూర్చుని బటన్ నొక్కాను.

కాలవ గట్టు పొలంలో సగం దూరం వెళ్లాక స్టీరింగు కొద్దిగా పక్కకి తిప్పి, మళ్లీ దారిలోకి తెచ్చాడు. ఎందుకని అడిగాను. అక్కడ నేల మీద పిట్ట గుడ్లు పెట్టిందట. తొక్కితే వారం రోజులు నెత్తి మీద తిరుగుతూ అరిచి చంపుతుందట. ఇంట్లో మీ అత్తయ్య ఒక్కతి చాలదట్రా అల్లుడూ అన్నాడు. ఇద్దరం నవ్వాం.

తన గోతికి తనే కొలతలు ఇస్తున్నాడు. ఆయనకది తెలుసో లేదో.

మార్చి 7

బండి తనంతట తనే నడిచింది. నేను చప్పట్లు కొట్టాను. మామయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మార్చి 9

అనుకున్నంతా అయింది. వచ్చే సోమవారం నుంచి ఆ సీట్లో ఓనరు బావమరిది కూర్చుంటాడట. బండి తనే పోతున్నప్పుడు ఎవడు కూర్చుంటే ఏంటట. మామయ్యకి ట్యాంకులు కడిగే పని. పద్నాలుగేళ్ల చేతులకి బ్రష్షు!

సమ్మె చేద్దామన్నాను. ఇద్దరం చేస్తే అది సమ్మె కాదురా, సెలవు అన్నాడు మామయ్య.

ఒక్కటే ఆశ. గురువారం ఓనరు ముందు ట్రయల్. అందులో తేడా వస్తే ఈ స్టీరింగు కిట్టు వాపసు.

మార్చి 10

సెట్టింగుల్లో ఒక అంకె ఉంటుంది. యాంటెన్నా బండి నడిమధ్యకి ఎంత పక్కగా ఉందో చెప్పే అంకె. సున్నా ఉండాలి. ఇరవై సెంటీమీటర్లు అని కొట్టాను.

ఇక బండి వెళ్లేటప్పుడు తన కుడికి జరుగుతుంది, వచ్చేటప్పుడూ తన కుడికే జరుగుతుంది. ఒక సందు పొడిగా మిగులుతుంది, పక్క సందు రెండుసార్లు తడుస్తుంది. యంత్రం కంటే మామయ్యే నయమని అందరూ చూస్తారు.

ఇది మోసం కాదు. ముప్పై రెండో పేజీ చూడు.

మార్చి 12, మధ్యాహ్నం

ట్యాంకులో ఉత్త నీళ్లు పోశాం. షెడ్డు వెనక బీడు నేల మీద మూడు వరసలు. రెండో వరసకీ మూడో వరసకీ మధ్య మూరెడు పొడి పట్టీ, గుడ్డివాడికి కూడా కనిపించేలా. ఓనరు మొహం కందగడ్డ అయింది. అమ్మినవాడు ఫోనులో మబ్బుల వల్లేమో అన్నాడట. మబ్బుల్ని కూడా నువ్వే అమ్మావా అని ఓనరు అరిచి, కిట్టు ఊడదీసెయ్యమన్నాడు. ఊడదీసెయ్యమన్నాడు! నేను అట్టపెట్టెల కోసం పరుగెత్తాను కూడా.

తిరిగొచ్చేసరికి మామయ్య సీట్లోంచి దిగి ఉన్నాడు. అడుగులో అడుగేసి పొడి పట్టీని కొలిచాడు. రెండుసార్లు తడిసిన పట్టీనీ కొలిచాడు. రెండూ సమానం. తప్పు ఆకాశానిదైతే ఇంత లెక్కగా ఉండదండీ, బండిలోనే ఉంది అన్నాడు. టేపు అడిగి కప్పు ఎక్కాడు. యాంటెన్నా సరిగ్గా మధ్యలోనే ఉంది. దిగి నా వైపు తిరిగాడు. కళ్లజోడు తేలేదు, తెరలో ఏముందో చదవరా అన్నాడు.

కళ్లజోడు ఆయన జేబులోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

ఇరవై అని చదివాను.

సున్నా చెయ్యమన్నాడు. చేశాను. ఒక అంకె కొట్టడం చేతకాదు గానీ ఉపన్యాసాలు మాత్రం వచ్చా అన్నాడు ఓనరు. మళ్లీ మూడు వరసలు. వెంట్రుకవాసి తేడా లేదు.

కుళాయి దగ్గర మామయ్య నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. పద్నాలుగేళ్లలో నా బండి వెనక పొడి పట్టీ ఎవడైనా చూశాడట్రా, వంకర గీత మీద నన్ను నిలబెడదామనుకున్నావట్రా అని. తర్వాత సబ్బు అందించాడు.

మార్చి 13

పుస్తకాలన్నీ తిరగేశాను. ఇలాంటి మనిషి ఏ పేజీలోనూ లేడు.

మార్చి 16

బావమరిది ఎక్కాడు, ఫోను చూసుకుంటూ. మామయ్య ట్యాంకు కడిగాడు. అదీ అద్దంలా కడిగాడు, అదే నా ఏడుపు.

రాజీనామా రాసుకుని వెళ్లాను. మామయ్య చదివి మడిచి ఇచ్చేశాడు. బండి ఏదో ఒక రోజు మొరాయిస్తుంది, అప్పుడు ముట్టుకునేవాడికి పని వచ్చి ఉండాలి, పోయి పని చూసుకోమన్నాడు.

సాయంత్రం అత్తయ్య మా వాకిట్లోనే నిలబడి, బాగా బిగించావు నాయనా, ఒక్క నట్టు కూడా వదులు లేదటగా అంది. అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు.

ఇంత కోపం ఉంది. దీన్ని ఎవరి మీద పెట్టాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 21

మామయ్య పనిలోకి రావడం మానేసి పది రోజులు.

కాలవ గట్టు పొలంలో బండి ప్రతి వరసలోనూ సగం దూరంలో కొద్దిగా పక్కకి తిరిగి మళ్లీ దారిలోకి వస్తోందట. ఆ కుదుపుకి బావమరిది ఫోను జారి పగిలింది. గీత సరిచెయ్యమన్నాడు ఓనరు. నాకు చేతకాదని చెప్పాను.

వెళ్లి చూశాను. పైరు మోకాలెత్తు లేచింది. గుడ్డు పెంకు కూడా లేదు. బండి వచ్చింది, తప్పుకుంది, వెళ్లిపోయింది.