చెల్లెలింటికి కాదు

ఏమండీ, ఇవాళ ప్లంబరు వస్తాడు, ఎక్కడికీ పోకండి. కుక్కకి వేళకి తిండి పెట్టండి.

స్పానిష్ క్లాసులు వచ్చే నెలైతే ఇప్పుడే ప్రయాణమేమిటని మళ్ళీ దెప్పకండి. ముందు నాలుగు దేశాలు తిరిగి, ఆ తర్వాతే క్లాసులో కూర్చుంటా. ఆ క్లాసులో స్పానిష్ తప్ప వేరే ముక్క మాట్లాడనివ్వరట. మీ దగ్గర నోరు కట్టుకుని బతికినదాన్ని, నాకదో లెక్కా? తలుపులకీ డబ్బాలకీ నేను అంటించుకున్న స్పానిష్ మాటల కాగితాలు చుట్టాలు నవ్వుతారని పీకి పారేశారు. ఈ వయసులో నాకు చదువేమిటని సిగ్గుపడి, చెల్లెలింటికి పోతున్నానని అందరికీ చెప్పారు.

రాయడం మరిచాను: ఇక ఆ అబద్ధం సాగదు. కాళ్ళావేళ్ళా పడ్డా మీరు వెంట రానన్నారు కదా. హోటలు గదిలో రెండో మంచం ఖాళీగా చూడలేక, చెల్లెల్నే తీసుకెళ్తున్నాను.